ఇల్లు ఎత్తేటప్పుడు పిల్లర్ల మధ్య సమానంగా ఉండవలసింది బరువా, ఎత్తా?

ఫ్యాబ్రికేటర్, విజయనగరం

శ్రీకాకుళం పట్టణంలో నాగావళికి దగ్గరగా ఉన్న ఒక జి ప్లస్ వన్ ఇంటిని మూడు అడుగులు ఎత్తడానికి కావలసిన సామగ్రి తయారుచేసే పని మా షాపుకు వచ్చింది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇల్లు పల్లమైపోయి, గట్టి వాన పడితే నీరు గడప దాటుతోంది. మొత్తం 12 పిల్లర్లు. ప్రతి పిల్లర్‌కు ఇనుప కాలరు (పిల్లర్ చుట్టూ పట్టుకునే పట్టా) బిగించి, దాని కింద చెరో పక్కన ఒక హైడ్రాలిక్ జాకీ పెట్టి, బరువు జాకీల మీదికి వచ్చాక పిల్లర్‌ను కోసి పైభాగాన్ని ఎత్తాలన్నది ఆలోచన. 24 జాకీలనూ ఒకే పంపుకు, ఒకే లైనుకు కలిపితే అన్నింటిలోనూ ప్రెషర్ ఒకటే కాబట్టి బరువు కూడా సమానంగా పంచుకుంటాయని జాకీలు అమ్మేవారు చెబుతున్నారు. యజమాని తరఫు ఇంజినీరు గారు అందుకు ససేమిరా అంటున్నారు. అనుభవజ్ఞులు వివరించగలరు.

హైడ్రాలిక్ మెకానిక్, బొబ్బిలి

అమ్మేవారి మాటలో నిజం ఉంది. ఒక కాలరు కింద ఉన్న రెండు జాకీలకు వేర్వేరు పంపులు పెడితే, ముందు లేచిన జాకీ బరువంతా తన మీద వేసుకుంటుంది, పిల్లర్ ఒక పక్కకు వంగుతుంది. ప్రెషర్‌ను పిస్టన్ వైశాల్యంతో గుణిస్తే వచ్చేదే జాకీ మోసే బరువు కనుక, ఒకే లైనులో ఉన్న ఒకే సైజు జాకీలు ఎప్పుడూ సమానంగానే మోస్తాయి. ఖర్చు కూడా తక్కువ. నా ఓటు ఒకే లైనుకే.

స్ట్రక్చరల్ ఇంజినీరు, శ్రీకాకుళం

మెకానిక్ గారు చెప్పినది ఒక పిల్లర్ కింద ఉన్న జత జాకీల వరకు అక్షరాలా సరైనది. ఆ సూత్రాన్నే 12 పిల్లర్లకూ వర్తింపజేస్తే ఇల్లు పాడవుతుంది. జాకీలు సమానంగా మోయడానికి సిద్ధంగా ఉన్నా, ఇల్లు తన బరువును పిల్లర్ల మీద సమానంగా పెట్టదు.

ఒక లెక్క వేసి చూద్దాం. మూడు వరుసల్లో నాలుగేసి పిల్లర్లు, వాటి మధ్య దూరం 3.5 మీటర్లు అనుకొని, గోడలతో కలిపి అంతస్తుకు చదరపు మీటరుకు 1.2 టన్నులు వేసుకుంటే, రెండు అంతస్తులకూ ఇల్లు సుమారు 180 టన్నులు తూగుతుంది. లోపలి పిల్లర్లు రెండూ చెరో 30 టన్నులు, అంచున ఉన్న ఆరూ తలా 15 టన్నులు, మూలల్లో ఉన్న నాలుగూ తలా 7.5 టన్నులు మోస్తాయి. బయటి గోడల మందాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారినా వరస మాత్రం మారదు. ఇప్పుడు అన్నింటినీ ఒకే లైనుకు కలిపితే ఒక్కో పిల్లర్ వాటాకు 15 టన్నుల ప్రెషర్ రావాలి. అది సగానికి వచ్చేసరికే మూలలు కదలడం మొదలుపెడతాయి. ఆయిల్ తేలికగా పోగలిగిన చోటికే పోతుంది కాబట్టి పంపు కొట్టిన కొద్దీ మూలలే లేస్తాయి, లోపలి పిల్లర్లు ఉన్నచోటే ఉంటాయి. కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వచ్చేది ఇలాంటి పనిలోనే.

ఎంత తేడా వరకు ఇల్లు ఓర్చుకుంటుందన్నది ఊహకు వదిలేసిన విషయం కాదు. పక్కపక్క పిల్లర్ల మధ్య ఎత్తు తేడా వాటి దూరంలో 300వ వంతు దాటితే గోడలు పగులుతాయని స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజినీర్లు 1956లో చూపారు. పగుళ్లు అసలే రాకూడదనుకుంటే 500వ వంతులోపే ఉంచాలని 1963లో పునాదుల నిపుణుడు బ్యెర్రుమ్ సూచించారు. 3.5 మీటర్లకు అది 7 మిల్లీమీటర్లు మాత్రమే.

హైడ్రాలిక్ మెకానిక్, బొబ్బిలి

అలాగైతే బరువుకు తగ్గట్టే జాకీలు పెట్టవచ్చు కదా. లోపలి పిల్లర్‌కు నాలుగు, అంచు పిల్లర్‌కు రెండు, మూల పిల్లర్‌కు ఒకటి. కూడి చూడండి, మళ్లీ 24 జాకీలే అవుతాయి. అప్పుడు లైను ఒకటే అయినా ఎవరి బరువు వారికి సరిపోతుంది.

స్ట్రక్చరల్ ఇంజినీరు, శ్రీకాకుళం

ఈ సూచన తెలివైనది, దానికి నిజాయితీగా సమాధానం చెప్పాలి. జాకీల సామర్థ్యం ఎంచుకోవడానికి ఈ నిష్పత్తి పనికివస్తుంది. ఎత్తే పనిని దాని మీద నడపడం మాత్రం కుదరదు. మొదటి అడ్డంకి చిన్నదే: కాలరు కింద ఒకే జాకీ పెడితే బరువు పిల్లర్ నడిమధ్యకు రాదు, కనుక మూలల్లో కూడా సగం సైజు జాకీలు రెండు పెట్టాలి.

అసలు అడ్డంకి వేరు. మన లెక్క ఎప్పుడూ బరువుతో నూటికి నూరు పాళ్లు కలవదు. మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఒక మూల నిండుగా ఉంటే అక్కడ దాదాపు ఒక టన్ను తేడా వచ్చినట్టే. ప్రెషర్ ఒకటే అయిన లైనుకు ఆ తేడా వల్ల ఇల్లు ఒక పక్కకు వాలడాన్ని ఆపే గుణం లేదు. ఒక పక్క కాస్త దిగితే, ఆ జాకీల్లోని ఆయిల్ నిశ్శబ్దంగా అవతలి జాకీల్లోకి వెళ్లిపోతుంది. కావడిలో ఒక వైపు బుంగ దించితే రెండో వైపు ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

ఎత్తును పట్టుకొని నడిపితే బరువు దానంతట అదే తన పాత దారిలోనే పిల్లర్లకు చేరుతుంది, ఎందుకంటే బీముల ఆకారం మారలేదు. అందువల్ల జత జాకీలకు ఒకే ప్రెషర్, పిల్లర్ల మధ్య ఒకే ఎత్తు అన్నదే నా అభిప్రాయం. దానికి 12 పంపులు అక్కరలేదు. పంపు ఒకటే ఉంచి, దాని నుంచి 12 లైన్లు తీసి, ఒక్కో లైనుకు ఒక వాల్వు, ఒక ప్రెషర్ గేజు పెట్టండి. వాల్వులను వరసగా తెరుస్తూ ఒక్కో విడతకు 3 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తండి. ఒక పిల్లర్ పక్కవాటికన్నా ఒక్క మిల్లీమీటరు పైకి పోయినా టన్ను, అంతకు మించి బరువు దాని మీదికి రావచ్చు కనుక, జాకీ సామర్థ్యం లెక్కకన్నా రెట్టింపు ఉండాలి.

ఇళ్లు ఎత్తే కాంట్రాక్టరు, పాలకొండ

ఇంత హైడ్రాలిక్ సామగ్రి అవసరమా అన్నది నా సందేహం. మేము గోడల కింద స్క్రూ జాకీలను వందల సంఖ్యలో పెట్టి, ఒక్క కేకకు అందరూ ఒకే చుట్టు తిప్పేలా పని చేయిస్తాము. మరకు ఆయిల్ కారే భయం లేదు, తిప్పనిదే దిగదు.

స్ట్రక్చరల్ ఇంజినీరు, శ్రీకాకుళం

గోడల మీద నిలిచిన ఇంటికి మీ పద్ధతే మేలు, కాంట్రాక్టరు గారూ, ఎందుకంటే అక్కడ ఒక్కో జాకీ మీద పడేది కొద్ది బరువే, ఒకటి వెనకబడినా పక్కవి ఆదుకుంటాయి. ఇక్కడ ఒక్కో పిల్లర్‌కు రెండే జాకీలు, ఒక్కోదాని మీద 15 టన్నుల దాకా బరువు. స్క్రూ జాకీ తన మీద ఎంత ఉందో చెప్పదు, గేజు చెబుతుంది. గేజు ముల్లు ఉన్నట్టుండి పడిపోయిందంటే జాకీ కింద నేల దిగిందనో, కాలరు జారిందనో అర్థం, వెంటనే పని ఆపాలి. అయితే మరకున్న బలాన్ని వదులుకోనవసరం లేదు. లాక్ నట్ (ఆయిల్ కారినా పిస్టన్‌ను దిగనివ్వకుండా ఆపే మర నట్) ఉన్న హైడ్రాలిక్ జాకీలు తీసుకుంటే రెండూ దక్కుతాయి.

ఫ్యాబ్రికేటర్ గారికి మరొక్క మాట. నాగావళి ఒడ్డున చాలాచోట్ల ఇసుక, ఒండ్రు నేలే కనుక జాకీలను మట్టి మీద కాకుండా ఫుటింగ్ (పిల్లర్ పునాది) మీద వేసిన కాంక్రీటు దిమ్మె మీద నిలపండి. జాకీ పిస్టన్ ఎంత బయటికి వచ్చిందో కొలిచి ఇల్లు అంత లేచిందనుకోకండి. దిమ్మె రెండు మిల్లీమీటర్లు దిగితే ఆ కొలత అబద్ధమవుతుంది. ఇంటికి దూరంగా, బరువు పడని చోట ఒక గుర్తు పాతి, మేస్త్రీలు వాడే లెవల్ పైపుతో ప్రతి పిల్లర్‌నూ దానితో సరిచూడండి, మధ్యమధ్య ఆటో లెవల్‌తో (ఎత్తు తేడాలు కొలిచే సర్వే పరికరం) నిర్ధారించుకోండి. కాలరు బిగించే చోట ప్లాస్టరు పూర్తిగా తీసి, కాంక్రీటును చిప్పింగ్ చేయాలి. నునుపైన ప్లాస్టరు మీద ఎంత బోల్టు బిగించినా 30 టన్నులు ఆగవు.

ఫ్యాబ్రికేటర్, విజయనగరం

12 లైన్లు, 12 వాల్వులు, 12 గేజులతో డ్రాయింగు మార్చి, యజమాని తరఫు ఇంజినీరు గారికి పంపాను. పని ఒక్క పూటలో అయ్యేది కాదు కదా. రాత్రిపూట ఒక వాల్వు సన్నగా కారితే తెల్లారేసరికి ఆ పిల్లర్ దిగిపోదా?

ఇళ్లు ఎత్తే కాంట్రాక్టరు, పాలకొండ

సాయంత్రం దాకా ఆగకండి. ప్రతి విడత తర్వాత లాక్ నట్ దించి, కాలరు కింద ఇనుప ప్లేట్లు పేర్చి, సందు 3 మిల్లీమీటర్లకు మించకుండా చూసుకోండి. పని ఆపేటప్పుడు బరువు లాక్ నట్ మీదా, ప్లేట్ల మీదా ఉండాలి, ఆయిల్ మీద ఉండకూడదు. మర్నాడు మళ్లీ ఎత్తే ముందు 12 చోట్లా లెవల్ చూశాకే పంపు మీద చెయ్యి వేయండి.