కొండ వారన మొక్కజొన్న, అడవి పందులు: వేటకి కొత్త, ఊరికీ కొత్త. ఏం చేయాలి?

కౌలు మూడెకరాలు:

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. కొబ్బరి, జీడి తప్ప ఇంకో పంట చేసినవాణ్ణి కాదు. ఈ ఏడు పాతపట్నం వైపు కొండ వారన మూడెకరాలు కౌలుకి తీసుకుని, వరి కోసిన మడిలో మొక్కజొన్న వేశాను. కంకి పాలు పోసుకునే దాకా చేను చూస్తే కడుపు నిండేది. ఇప్పుడు రాత్రయితే పందులు దిగుతున్నాయి. తినేది ఒక కంకి, పడగొట్టేది పది కర్రలు. కౌలు ముందే కట్టేశాను. పంది తిన్నదని ఆసామి డబ్బు వెనక్కి ఇవ్వడు కదా.

మా బావ టెక్సస్‌లో ఉంటాడు. అక్కడి పందుల వేట వీడియోలు రోజూ పంపుతున్నాడు. ఇక్కడ ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు కుక్కలు, బల్లేలు ఉన్నాయి, కొండెక్కుదాం అంటున్నారు. ఉచ్చులు పెడదామని ఇంకొకడు. నాకా కొండ తెలీదు, దాని దారులు తెలీవు, వేట అసలే తెలీదు. ఎక్కడ కాపు కాయాలి? గాలి ఎటు చూసుకోవాలి? ఏం పట్టుకెళ్ళాలి? ఇంట్లో మా ఆవిడ ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత బీట్:

బాబూ, అటవీ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ముందు కేసు సంగతి వినండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో, అంటే చట్టం కాపాడే జంతువుల జాబితాలో ఉంది. చంపితేనే వేట అనుకోకండి. ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరిమి వలలోకి తోలడం, ఆఖరికి ప్రయత్నించడం కూడా చట్టం లెక్కలో వేటే. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. మాంసం ఇంట్లో దొరికినా కేసే.

దారి లేదా అంటే ఉంది. పంటకి ప్రమాదమని తేలితే రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి, చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వచ్చు. అదే చట్టంలో 11వ సెక్షన్. కాగితం చేతిలో ఉంటేనే. తుపాకీ లైసెన్సు వేరు, ఈ అనుమతి వేరు. ఒకటుందని రెండోది ఉన్నట్టు కాదు.

ఇంకో మాట చాలామందికి తెలీదు. జంతువు మీద పడితే ప్రాణరక్షణకి కొట్టడం నేరం కాదు. కానీ ఆ సమయానికి మీరే చట్టాన్ని మీరి ఉంటే ఆ మినహాయింపు పనికిరాదు. వేటకెళ్ళి, పంది తిరగబడితే పొడిచాను అంటే కోర్టు వినదు.

ఆమదాలవలస టు ఆస్టిన్:

మీ బావగారి వీడియోలు నిజమే, నేనూ అక్కడే ఉంటున్నాను. టెక్సస్‌లో పంది ఆ నేలది కాదు. బయటి నుంచి తెచ్చిన పెంపుడు పందులు, రష్యా పందులు కలిసిన సంతతి. పంటలకీ వాగులకీ నష్టమని, ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే చాలు, వేట లైసెన్సు అక్కర్లేదని 2019 సెప్టెంబరు నుంచి చట్టం మార్చారు. మన కొండల్లో పంది మన అడవిదే. ఆ వీడియో చూసి ఈ కొండెక్కితే అక్కడ సరదా అయినది ఇక్కడ స్టేషన్‌కి తీసుకెళ్తుంది.

టెక్సస్‌లో వేటకి కొత్తవాళ్ళకి చెప్పేది మాత్రం మీకూ పనికొస్తుంది. పందికి చూపు తక్కువ, ముక్కు చాలా ఎక్కువ. మీరు చూసేలోపే మీ వాసన దానికి చేరిపోతుంది.

కొండవార రైతు:

తమ్ముడూ, మాది మెళియాపుట్టి వైపు. పందులతో వేగడం మా నాన్న నాటి నుంచీ ఉన్నదే. కొండెక్కొద్దు. ఎందుకొద్దో పైన అటవీ శాఖ మాస్టారు చెప్పారు, నేను ఇంకోటి చెప్తాను. రాత్రి పూట అక్కడ పంది ఒక్కటే ఉంటుందా? ఎలుగుబంటి సంగతి మీ ఉద్దానం వాళ్ళకి నేను చెప్పాలా? 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు మనుషుల మీద పడి ఏం చేసిందో మీకే బాగా తెలుసు. పిల్లలున్న ఆడపంది, దెబ్బ తిన్న మగపంది మనిషి మీదికే వస్తాయి. కోర తొడ కోస్తే ఆ చీకట్లో కొండ దిగి ఆస్పత్రికి చేరేదెప్పుడు?

కానీ వేటగాడికి ఉండే తెలివి మీకు కావాలి. అది చేలోనే వాడండి.

పొద్దున్నే పొలం చుట్టూ నడవండి. పంది గిట్ట రెండు చీలికలుగా పడుతుంది, మెత్తటి మట్టిలో వెనకాల చిన్న గిట్టల గుర్తులు కూడా పడతాయి. గట్టు పక్కన నాగలి పెట్టినట్టు మట్టి తిరగేసి ఉంటే అది దాని మూతి పని. ఊట నీళ్ళ దగ్గర బురద గుంట, పక్క చెట్టు మొదట్లో ఆరిన బురద రాసుకున్న మరక చూడండి. మరక ఎంత ఎత్తుందో చూస్తే పంది ఎంతటిదో తెలుస్తుంది. ఇవన్నీ కలిపితే అది ఎక్కణ్ణుంచి దిగుతోందో తేలిపోతుంది. చెదరగొట్టకపోతే మళ్ళీ మళ్ళీ అదే దారి పడుతుంది. తెలియకపోతే దగ్గరున్న సవర గిరిజనుల పేటలో పెద్దవాళ్ళని అడగండి, వేలు పెట్టి చూపిస్తారు. కొత్త ఊళ్ళో ఇంతకన్నా మంచి మ్యాపు దొరకదు.

గాలి అడిగారు కదా. పొద్దుగూకాక కొండ మీద గాలి చల్లబడి బరువై కిందికి జారుతుంది. అంటే కొండ నుంచి దిగే పందికి మీ చేలోని మనిషి వాసన తెలీదు. వేటగాడికి అది మేలు, మనకి కీడు. మనం కావాలనుకునేది అది మన వాసన పసిగట్టి వెనక్కి పోవాలనే. అందుకే కింద గట్టు మీద మంచె వేసుకుని పడుకుంటే లాభం లేదు. మంచె కొండ వైపు, అది దిగే దారికి దగ్గరగా ఉండాలి. ఇద్దరు ఉండాలి, టార్చి ఉండాలి, మోగించడానికి డబ్బా ఉండాలి. ఒంటరిగా వద్దు.

సెలూన్లలో జుట్టు ఊరికే ఇస్తారు. అది చేను అంచున జానెడు వెడల్పు పట్టీలా చల్లండి. పంది మూతి నేలకి ఆనించి నడుస్తుంది, వెంట్రుకలు ముక్కులోకి పోతే చికాకుపడి తిరిగిపోతుంది. వర్షం పడితే మళ్ళీ చల్లాలి. పాత చీరలు కట్టడం మన జిల్లా అంతా ఉంది. కొన్నాళ్ళు జడుస్తుంది, తర్వాత చీర కిందనుంచే దూరుతుంది. మైకులో కుక్కల అరుపులూ అంతే, రోజూ చోటు మార్చకపోతే అలవాటు పడిపోతుంది.

చెరుకు బావ:

ఇవన్నీ మా బొబ్బిలి వైపు చేసి చూసినవే అన్నయ్యా. జుట్టూ లేదు, గిట్టూ లేదు. ఇనప తీగ చుట్టి రాత్రికి కరెంటు ఇస్తే మర్నాటికి సమస్య ఉండదు.

కొండవార రైతు:

ఆ మాట ఇంకెక్కడా అనకు బావా. ఆ తీగ పందిని, మనిషిని వేరుగా చూడదు. తెల్లారకుండా నీళ్ళు కట్టడానికి వచ్చే పక్క రైతు, మేత కోసం పొలం దాటే ఆవు, ఎవరైనా దానికి ఒకటే. మనిషి పోతే చావుకి కారణమయ్యావని కేసు, కరెంటు దొంగతనం కేసు దానికి తోడు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ తగిలి నాలుగు ఏనుగులు పోయాయి. అది తీగ కంచె కాదు, అయినా అంతటి ఏనుగుకే ఆ గతి పట్టింది, మనిషెంత? ఎరలో నాటు బాంబు పెట్టేవాళ్ళకీ ఇదే మాట. పంది కొరికేలోపు గొడ్డు కొరుకుతుంది.

కంచె కావాలంటే సోలార్ పెట్టుకో. దాంట్లో కరెంటు క్షణంలో వచ్చి ఆగిపోతూ ఉంటుంది, గట్టిగా కొడుతుంది గానీ చంపదు. కింది తీగ నేలకి జానెడు ఎత్తులో ఉండాలి, లేకపోతే పంది కిందనుంచి దూరుతుంది. దాని పైన మోకాలెత్తున ఇంకోటి. గడ్డి తగిలితే కరెంటు నేలలోకి పోతుంది, కాబట్టి తీగ కింద కలుపు తీస్తూ ఉండాలి. జనం అక్కడే బద్ధకిస్తారు, తర్వాత సోలార్ పనిచేయదు అంటారు.

కౌలు మూడెకరాలు:

అన్నయ్యా, మాస్టారూ, చాలా థాంక్స్. కుర్రాళ్ళకి వద్దని చెప్పేశాను, ఒకడు అలిగాడు. రెండు అనుమానాలు. చుట్టూ ఆముదం వేస్తే పంది రాదంటారు, ఇప్పుడు వేయచ్చా? నష్టపరిహారానికి కౌలుదారు అడగచ్చా, ఆసామి సంతకం కావాలా?

పాత బీట్:

అడగండి. విరిగిన కర్రలు తీసేయకముందే ఫోటోలు తీయండి, గిట్టల గుర్తులు కూడా. కౌలు కార్డు ఉంటే జత చేయండి, లేకపోతే ఆసామిని వెంటబెట్టుకుని వెళ్ళండి. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తప్పక తీసుకోండి. వ్యవసాయ శాఖ వాళ్ళని కూడా పొలానికి పిలిచి నష్టం రాయించుకోండి. వేట అనుమతి కావాలన్నా ఈ కాగితాలే ఆధారం.

కొండవార రైతు:

ఆముదం ఈ పంటకి ఆలస్యమైపోయింది తమ్ముడూ. వచ్చే సీజన్‌లో మొక్కజొన్నతో పాటే చుట్టూ నాలుగు సాళ్ళు దగ్గర దగ్గరగా వేయండి. ఆముదం వాసనకి లోపలి కంకి వాసన దానికి అందదు, ఆముదం అది తినదు కూడా. వేరుశనగ వేస్తే చుట్టూ కుసుమ వేయండి, ముళ్ళకి జంకుతుంది. ఆ నాలుగు సాళ్ళలో ఎంతో కొంత ఆముదం డబ్బులూ వస్తాయి, కౌలు రైతుకి అదీ లెక్కే. ఇప్పటికి జుట్టు చల్లి, మంచె ఎక్కండి. పాతపట్నం సెలూన్లలో ముందే చెప్పి పెట్టండి. ఆదివారం సాయంత్రం వెళ్తే బస్తా నిండుతుంది.