చర్చ: గ్రౌండ్ గ్లాస్ మీద మూలలు కనిపించడం లేదు, చవకలో ఏం చేయొచ్చు?

భీమిలి_బెల్లోస్
నాది పాత ఫోర్ బై ఫైవ్ (నాలుగు బై అయిదు అంగుళాల ఫిల్మ్ షీటు వేసే) చెక్క కెమెరా, లెన్స్ 90 ఎం.ఎం., ఎఫ్ 8. ఆదివారం పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బల దగ్గర స్టాండ్ వేశాను. గ్రౌండ్ గ్లాస్, అంటే కెమెరా వెనక బొమ్మ పడే గరుకు గాజు, దాని మధ్యలో గుండ్రంగా వెలుగు, నాలుగు మూలలూ చీకటి. దిబ్బ అంచు ఫ్రేములో ఉందో లేదో తెలియక అంచనాతో తీశాను. ఆ గాజు బదులు పెట్టే ఖరీదైన స్క్రీన్ ఇప్పట్లో కొనలేను. మీరెవరైనా ఏమైనా చేసి చూశారా?

పూర్ణామార్కెట్_పటాలు
తమ్ముడూ, ముందు ఆ గాజు విప్పి కడుగు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. జిడ్డంతా గరుకు వైపే పడుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఆ గరుకు వైపు లెన్స్‌కేసి ఉండాలి, మరిచిపోకు.
తర్వాత గాజు చూసేటప్పుడు తల మీద కప్పుకునే నల్లగుడ్డ. లోపల నల్ల పాప్లిన్, పైన తెల్లది వేసి కుట్టించు, మన ఎండకి తల మాడకుండా ఉంటుంది. బీచ్ గాలికి ఎగరకుండా నేను అంచు మడతలో గాలానికి కట్టే సీసం గుండ్లు పెట్టి కుట్టాను. గుడ్డలో దూరాక రెండు నిమిషాలు ఆగి చూడు, కళ్లు అలవాటు పడితే సగం సమస్య తీరుతుంది.

ఎంవీపీ_మేడ
మూలల చీకటికి అసలు మందు ఫ్రెనెల్, అంటే సన్నటి గుండ్రటి గీతలున్న పల్చటి లెన్స్ షీటు. వైడ్ లెన్స్ వెలుగు మూలల్లో బయటికి వాలి పోతుంది, మన కంటికి రాదు. ఫ్రెనెల్ దాన్ని లోపలికి వంచుతుంది. పుస్తకం చదివే ప్లాస్టిక్ మాగ్నిఫయర్ షీటు స్టేషనరీ షాపులో దొరికింది, కత్తిరించి మన కళ్ల వైపు, గీతలు గాజుకి ఆనేలా నాలుగు మూలల్లో టేప్ వేశాను. మూలలు బాగా తేలాయి. లూప్ (ఫోకస్ చూసుకునే చిన్న భూతద్దం) పెడితే మాత్రం ఆ గీతలే కనిపిస్తాయి. అందుకే ఫ్రేమింగ్ అయ్యాక షీటు తీసి ఫోకస్ చేస్తాను.

గాజువాక_లేత్
అక్క చెప్పిన చోటే పెట్టండి, లెన్స్ వైపు వద్దు. నేను ఆ తప్పు చేశాను. షీటు లెన్స్ వైపు ఉంటే దాని మందంలో దాదాపు మూడో వంతు దూరం ఫోకస్ తప్పిపోతుంది. పన్నెండు నెగటివ్‌లు పోయాయి, అందులో మా నాన్నగారివి రెండు. ఆ రెండూ మళ్లీ తీయలేను.
గాజు నేనే నూరుకున్నాను. 2 ఎం.ఎం. గాజు కోయించి, అంచులు నీటి కాగితంతో మొద్దు చేశాను. అద్దం మీద తడిగుడ్డ, దాని మీద గాజు, చెంచాలో పావు వంతు 600 నంబరు కార్బోరండం (గాజుని అరగదీసే) పొడి, కాసిని నీళ్లు. చిన్న గాజుముక్కతో సున్నాలు చుడుతూ నూరాలి. మొదట కరకర చప్పుడొస్తుంది, పొడి అరిగేకొద్దీ మెత్తబడుతుంది. అప్పుడు కడిగి కొత్త పొడి. అరగంటకి నిగనిగలాడే మచ్చ ఒక్కటీ మిగలలేదు. పొడి తడి ఆరనివ్వకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
ఇంకా మెత్తటి 1000 నంబరు పొడి దాకా పోతే మధ్యలో వెలుగు పెరిగింది గానీ మూలలు ఇంకా నల్లబడ్డాయి. వైడ్ లెన్స్ వాళ్లకి 600 దగ్గర ఆగడమే మంచిది.

పూర్ణామార్కెట్_పటాలు
లూప్ లేకపోతే పాత 50 ఎం.ఎం. లెన్స్ తిరగేసి పెట్టుకో, అయిదింతలు కనిపిస్తుంది.

భీమిలి_బెల్లోస్
గాజు కడిగాను, షీటు పెట్టాను. నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో డాల్ఫిన్స్ నోస్‌ని కుడి మూలకి తెచ్చి చూస్తే కొండ మీద లైట్‌హౌస్ కనిపించింది. గుడ్డలోంచి తల తీయబుద్ధి కాలేదు. గాజువాక అన్నా, ఈ ఆదివారం గాజుముక్క పట్టుకుని వస్తే పక్కనుండి నూరిస్తారా? పొడి నేనే తెస్తాను.

గాజువాక_లేత్
రా తమ్ముడూ. పొడి ఉంది. పాత తువ్వాలు ఒకటి తెచ్చుకో.