కీ కలవని డీప్ హౌస్ రీమిక్స్‌ని సెట్‌లో వేయొచ్చా?

రాత్రిసెట్:
శనివారం రూఫ్‌టాప్‌లో వార్మప్ సెట్ (తర్వాతి డీజే కోసం జనాన్ని సిద్ధం చేసేది) నాది, రాత్రి 10 నుంచి 12 వరకు. అంతా 122 బీపీఎం (నిమిషానికి 122 బీట్లు) దగ్గర నడుస్తుంది. మధ్యలో ఒక డీప్ హౌస్ రీమిక్స్ వేయాలని ఉంది. అది 120లో ఉంది, కీ (పాట శ్రుతి) బి ఫ్లాట్ మైనర్. దాని ముందు ట్రాక్ ఎ మైనర్. ఏ కీలు కలుస్తాయో చూపించే క్యామెలాట్ వీల్‌లో చూస్తే ముందు ట్రాక్ 8ఎ, రీమిక్స్ 3ఎ, అంటే బాగా దూరం. వదిలేయమంటారా? గొంతు ఎంత బాగుందంటే, తీసేయడానికి మనసొప్పట్లేదు.

శ్రుతిపెట్టె:
వదిలేయ్ తమ్ముడూ. డ్రమ్స్ మీదే నడిచే టెక్నో అయితే నేనూ పట్టించుకోను. డీప్ హౌస్‌కి ప్రాణం కార్డ్స్‌లో (కలిసి మోగే స్వరాల్లో) ఉంది. 1980లలో షికాగోలో లారీ హర్డ్ చేసిన పాటలు విను, ఆ మైనర్ సెవెంత్, నైన్త్ కార్డ్స్ గది నిండా పరుచుకుంటాయి. అలాంటివి రెండు అరస్వరం (కీబోర్డ్‌లో పక్క మెట్టు) తేడాతో ఒకదాని మీద ఒకటి పడితే, సంగీతం రానివాడి చెవికి కూడా గుచ్చుకుంటుంది. శ్రుతి తల్లి, లయ తండ్రి అని ఊరికే అనలేదు మనవాళ్లు.

కిక్‌తర్వాత:
అన్నా, రెండు కార్డ్స్ ఒకదాని మీద ఒకటి పడితే చెడుతుంది, నిజమే. కానీ పడనివ్వడం ఎందుకు? 1977లో షికాగోలోని వేర్‌హౌస్ క్లబ్‌లో డీజే ఫ్రాంకీ నకుల్స్ మొదలుపెట్టినప్పుడు కీ చూపించే స్క్రీన్ లేదు. చెవితోనే కలిపేవాళ్లు.

రాత్రిసెట్, ముందు నీ దగ్గరున్నది పొట్టి రేడియో ఎడిటా, పొడుగు ఎక్స్‌టెండెడ్ మిక్సా చూసుకో. ఎక్స్‌టెండెడ్‌లో మామూలుగా మొదట కొన్ని బార్లు (ఒక్కోటి నాలుగు బీట్లు) కిక్, హ్యాట్స్ లాంటి డ్రమ్స్ మాత్రమే ఉంటాయి. 122లో 16 బార్లంటే అర నిమిషానికి పైనే. ఆ అర నిమిషంలో పాత ట్రాక్ కార్డ్స్ పూర్తిగా అయిపోవాలి. అంటే కొత్తది ఎక్కడ మొదలుపెట్టాలో వెనక్కి లెక్కపెట్టుకుని, ఫ్రేజ్ (కొన్ని బార్ల వరస) మొదటి బీట్ మీద వదలాలి.

బేస్ సంగతి చాలామంది మర్చిపోతారు. బేస్‌లైన్ కూడా స్వరమే. కీలు వేరైనప్పుడు రెండు బేస్‌లు కలిసి మోగితే కార్డ్స్ కంటే ఘోరంగా ఉంటుంది, పెద్ద స్పీకర్లలో మరీను. కొత్త ట్రాక్‌కి ‘లో’ ఈక్యూ (బేస్ తగ్గించే నాబ్) పూర్తిగా కట్ చేసి తీసుకురా, ఫ్రేజ్ మారే చోట ఒక్కసారిగా మార్చు. నెమ్మదిగా తిప్పకు.

ఇంకోటి, కీ లాక్ (వేగం మార్చినా శ్రుతి మారనివ్వనిది) ఆన్‌లో ఉంచు. అది లేకుండా 120ని 122కి లాగితే శ్రుతి అరస్వరంలో పావు వంతు పైనే పెరుగుతుంది. ఇప్పటికే పైన ఉన్నది ఇంకా దూరమవుతుంది.

పెళ్లిబారాత్:
మన సినిమా పాటల డీప్ హౌస్ రీమిక్స్‌లు కొన్ని నేరుగా పల్లవితోనే మొదలవుతాయి, ముందు డ్రమ్స్ ఉండవు. అలాంటివాటికి నేను ఇంట్లోనే ముందు 16 బార్లు కిక్ లూప్ అతికించి సొంత ఎడిట్ చేసుకుంటాను. సంగీత్‌లో నిలబడి చేసే పని కాదది.

శ్రుతిపెట్టె:
కీ షిఫ్ట్ ఉన్న ప్లేయర్ దొరికితే ఇంత తంటా ఎందుకు? సీడీజే-3000లో ఉంది. అరస్వరం దించితే సరిగ్గా ఎ మైనర్‌కి వస్తుంది.

కిక్‌తర్వాత:
వస్తుంది. కానీ దాంతోపాటు కిక్, గొంతు కూడా దిగుతాయి. ఆ గొంతు కోసమే కదా తమ్ముడు ఈ పాట ఎంచుకున్నాడు! దాన్ని ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

రాత్రిసెట్:
చూశాను అన్నా. ఎక్స్‌టెండెడ్ మిక్సే. 17వ బార్‌లో కార్డ్స్ వస్తాయి, అంతవరకు డ్రమ్స్, షేకర్.

శ్రుతిపెట్టె:
సరే, ఒకదాని మీద ఒకటి పడవు. అయినా ఎ మైనర్ ఇంకా చెవుల్లో ఉండగానే అరస్వరం పైన కార్డ్ మోగుతుంది. జనం అది గమనిస్తారు.

కిక్‌తర్వాత:
గమనించాలి కూడా. పాట చివర్లో అరస్వరం పెంచితే ఊపు రాదా? అయితే వార్మప్‌లో ఆ ఊపు 10:30కే వాడేస్తే తర్వాత వచ్చే డీజేకి ఏం మిగులుతుంది? మధ్యలో వద్దు, 11:40 తర్వాత వెయ్.

శ్రుతిపెట్టె:
చివర్లో అయితే నాకూ అభ్యంతరం లేదు. మధ్యలో వేస్తానంటే మాత్రం నా మాట మారదు.