మనిషి ముందు వెళ్ళాల్సింది కుజుడికా, శుక్రుడికా?

ఉప్పల్ డాబా:
పక్క గ్రహానికి మనుషుల్ని పంపడం అనగానే అందరూ కుజుడి పేరే ఎత్తుతారు. నేనైతే మొదటి ప్రయాణం శుక్రుడి వైపే పెట్టమంటాను. దిగడానికి కాదు, చుట్టి రావడానికి. సైజులో మనకు జోడీ శుక్రుడే: భూమి వ్యాసం 12,742 కి.మీ., శుక్రుడిది 12,104. కుజుడిది 6,779 మాత్రమే. దూరం చూసినా, బాగా దగ్గరికొచ్చినప్పుడు శుక్రుడు సుమారు 4 కోట్ల కి.మీ.లో ఉంటాడు. కుజుడు ఎంత దగ్గరికొచ్చినా దాదాపు ఐదున్నర కోట్ల దూరంలో ఉంటాడు.

అసలు లెక్క రోజులది. కుజుడి మీద దిగి, తిరుగు ప్రయాణానికి గ్రహాలు అనుకూలంగా వచ్చేదాకా ఆగి ఇల్లు చేరాలంటే రెండున్నర, మూడేళ్ళు. శుక్రుడిని చుట్టి రావడానికి ఏడాది, కాస్త అటూ ఇటూగా. రష్యా వ్యోమగామి పోల్యకోవ్ 1994-95లో వాళ్ళ మీర్ అంతరిక్ష స్టేషన్‌లో ఏకబిగిన 437 రోజులున్నాడు. అంటే ఒక మనిషి ఇప్పటికే తట్టుకున్న కాలంలో అయిపోయే పని. నాసా వాళ్ళు 1960ల్లోనే చంద్రుడి మీదికి పంపే అపోలో సామగ్రితో ముగ్గురిని ఇలా పంపడం గురించి లెక్కలు కూడా వేశారు.

బాలానగర్ లేత్:
చుట్టి రావడానికి మనిషెందుకు సార్? కిటికీలోంచి చూస్తే కనబడేది మబ్బే. ఆ మబ్బు కింద నేలను మాగెల్లాన్ నౌక 1990 నుంచి 94 దాకా రాడార్‌తో దాదాపు మొత్తం మ్యాప్ చేసేసింది. మనిషిని పంపితే కాలు పెట్టే చోటికే పంపాలి. శుక్రుడి నేల మీద 465 డిగ్రీల వేడి, మన గాలికి 90 రెట్లకు పైగా ఒత్తిడి. 1982లో సోవియట్ నౌక వెనెరా 13 అక్కడ దిగి 127 నిమిషాలు పనిచేసిందంటే అదే గొప్ప.

కుజుడి మీద రోజు 24 గంటల 39 నిమిషాలు. ఇరుసు వాలు 25 డిగ్రీలు, కాబట్టి ఋతువులూ ఉన్నాయి. చలికి సూట్ వేసుకుని నడవొచ్చు.

ఇంకోటి, ఇది నా లైన్ కాబట్టి చెప్తున్నా. కుజుడి మీద తిరిగే నాసా బండి క్యూరియాసిటీ చక్రాల ఫోటోలు చూశారా? ఒక్కో చక్రాన్నీ ఒకే అల్యూమినియం దిమ్మలోంచి చెక్కారు. పట్టీల మధ్య రేకు మందం ముప్పావు మిల్లీమీటర్. బండి 2012లో దిగింది, మరుసటి ఏడాదికే మొనదేలిన రాళ్ళకు చిల్లులు పడటం మొదలైంది. ఒక ఫోటోలో రేకు చిరిగి అంచు బయటికి వంగింది, ఆ రంధ్రంలోంచి అవతలి మట్టి కనబడుతోంది. తర్వాత పంపిన బండి పర్సెవరెన్స్‌కి మందం పెంచారు, పట్టీల తీరు మార్చారు. ఇక్కడినుంచి అక్కడికి సిగ్నల్ చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. నడిపేవాడు ఇక్కడ, రాయి అక్కడ. బండి పక్కనే మనిషుంటే ఆ రాయి తప్పించుకుని పోయేవాడు.

కాచిగూడ కుర్రోడు:
కుజదోషం ఉందని మా అన్నకు నాలుగు సంబంధాలు తప్పిపోయాయి. మీరేమో అక్కడికే పోదామంటున్నారు 😄

మలక్‌పేట టీచర్:
లేత్ గారు "సూట్ వేసుకుని నడవొచ్చు" అని తేలిగ్గా అనేశారు. అక్కడ గాలి ఒత్తిడి మనదాంట్లో ఒక శాతం కూడా లేదు, ఉన్నదాంట్లో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. మట్టిలో పెర్‌క్లోరేట్లు అనే విషపు లవణాలు ఉన్నాయని 2008లో ఫీనిక్స్ ల్యాండర్ తేల్చింది. పర్సెవరెన్స్ మీద మాక్సీ అనే పరికరం అక్కడి గాలి నుంచే ఆక్సిజన్ తీసింది, నిజమే. అన్ని విడతలూ కలిపి 122 గ్రాములు. మనిషికి రోజుకు 800 గ్రాములకు పైనే కావాలి. అంటే ఒక్కరికి మూడున్నర గంటలకు సరిపోయేంత. పరికరం చిన్నది, పెద్దది చేయొచ్చు, ఒప్పుకుంటాను. కానీ మా క్లాసు పిల్లలు "కుజుడి మీద ప్లాట్లు ఎప్పుడిస్తారు టీచర్" అని అడుగుతున్నారు. శంకర్‌పల్లి దాటాక వేసిన వెంచర్ అనుకుంటున్నారు!

నాచారం నైట్‌షిఫ్ట్:
శుక్రుడి నేల మీద దిగడం ఎందుకు? 50-55 కి.మీ. ఎత్తులో ఒత్తిడి, వేడి మన దగ్గరలాగే ఉంటాయి. 1985లో వేగా నౌకలు అక్కడ రెండు బెలూన్లు ఎగరేశాయి, దాదాపు రెండు రోజులు తిరిగాయి. మనుషులూ అక్కడే తేలుతూ ఉండొచ్చు. సల్ఫ్యూరిక్ యాసిడ్ మబ్బులకు తగిన పూత వేసుకోవాలంతే.

బాలానగర్ లేత్:
ఉండొచ్చు బ్రదర్, తిరిగి రావడం ఎలా? కుజుడి ఆకర్షణ దాటి బయటపడాలంటే సెకనుకు 5 కి.మీ. వేగం చాలు. శుక్రుడిది 10 దాటుతుంది, దాదాపు భూమి అంత. శ్రీహరికోటలో నిలబెట్టే రాకెట్‌ను యాసిడ్ మబ్బుల్లో బెలూన్‌కి వేలాడదీసి, అక్కడినుంచి లాంచ్ చేయాలి. ఆ బెలూన్ డ్రాయింగ్ ఉంటే ఒకటి పంపండి, కొటేషన్ ఇస్తా.

అంబర్‌పేట:
మూసీ బాగు చేయడానికి డబ్బుల్లేవు, మీకు గ్రహాలు.

ఉప్పల్ డాబా:
అంబర్‌పేట గారూ, మంగళ్‌యాన్‌కి అయింది 450 కోట్లు. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ఒప్పుకున్న శుక్ర ఆర్బిటర్‌కి 1,236 కోట్లు. అందులో మూసీ ఎంత బాగవుతుందో మీరే చూడండి. అదీగాక, మంగళ్‌యాన్‌తో మాట్లాడిన బెంగళూరు దగ్గరి బ్యాలాళు 32 మీటర్ల యాంటెన్నా మన హైదరాబాద్ ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ కట్టిందే. ఇస్రోకి టైటానియం మిశ్రమాలు వెళ్ళేది కంచన్‌బాగ్‌లోని లోహాల కర్మాగారం మిధాని నుంచి. మనుషుల్ని పంపే ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది, అది ఏ ఒక్క దేశమూ సొంతంగా ఎత్తుకునేది కాదనే నా అభిప్రాయం.

లేత్ గారూ, దిగేది కుజుడి మీదే అనుకుందాం. మూడేళ్ళ ప్రయాణానికి ముందు ఏడాది ప్రయాణం ఒకటి చేసి చూడొద్దా?

బాలానగర్ లేత్:
దానికి చంద్రుడున్నాడుగా. మూడు రోజుల్లో ఇంటికి రావచ్చు.

ఉప్పల్ డాబా:
రావచ్చు కాబట్టే అక్కడ ఆ పరీక్ష కుదరదు. 1970లో అపోలో 13 ఆక్సిజన్ ట్యాంకు పేలితే ముగ్గురూ బతికి బయటపడ్డారు, ఇల్లు నాలుగు రోజుల లోపు దూరంలోనే ఉంది కాబట్టి. పదో నెలలో నీళ్ళు శుద్ధి చేసే మెషీన్ ఆగిపోతే, స్పేర్ పార్ట్ లేకుండా బాగుచేసుకోవడం వచ్చా రాదా అన్నదే నాకు తెలియాలి.

బాలానగర్ లేత్:
అది భూమి చుట్టూ తిరిగే స్టేషన్‌లోనే చూడొచ్చు. ఏడాది పాటు కిందినుంచి సామాను పంపకుండా ఉంటే సరి.

ఉప్పల్ డాబా:
మెషీన్ వరకూ సరే, రేడియేషన్ మాటేమిటి? స్టేషన్‌కి భూమి అయస్కాంత క్షేత్రం కాపలా ఉంది. క్యూరియాసిటీ దారిలో కొలిచిన దాన్ని బట్టి, కుజుడికి పోయి రావడంలోనే 0.66 సీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత). నాసా తన వ్యోమగాములకు జీవితం మొత్తానికి పెట్టిన పరిమితి 0.6. మూడేళ్ళ ప్రయాణానికి సంతకం పెట్టమని ఎవరినైనా అడిగే ముందు, ఏడాదిలో ఒంటికి ఎంత తగులుతుందో మనుషులున్న నౌకలోనే కొలిచి చూపించాలంటాను.