వెనక సీట్లో పెద్దవాళ్లకి బెల్టు తప్పనిసరి చెయ్యడం సబబేనా?

సొంతబుద్ధి:
ముందు సీట్ల బెల్టు మీద నాకు పేచీ లేదు. డ్రైవరు కుదురుగా ఉండాలి, పక్కవాడికి ఎదురుగా డాష్‌బోర్డూ అద్దమూ ఉన్నాయి. పిల్లల సంగతి సరే. కానీ వెనక కూర్చున్న పెద్దమనిషికి ఎదురుగా ఉన్నది మెత్తటి సీటు. పెట్టుకోకపోతే దెబ్బ ఆయనకే. ఆయన ఒళ్లు, ఆయన ఇష్టం. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో పెద్దవాళ్లకి ముందు సీట్లో కూడా బెల్టు చట్టం లేదు. బ్రిటన్ ముందు సీట్లకి 1983లో చట్టం తెచ్చింది, వెనక పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి 1991 అయింది. అంత ప్రాణాంతకమైతే ఎనిమిదేళ్లు ఎందుకు ఆగినట్టు?

నట్టుబోల్టు:
మీ వాదనంతా "మెత్తటి సీటు" అన్న మాట మీద నిలబడి ఉంది. ఆ మెత్తదనం పైన ఉన్న నురుగుది. లోపల ఉన్నది ఉక్కు ఫ్రేము.

గంటకి 50 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. అంత వేగం రావాలంటే 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడాలి, అంటే మూడో అంతస్తు. కారు గోడని గుద్దితే ముందు భాగం అర మీటరు నలుగుతుంది, బెల్టు ఇంకో 20 సెంటీమీటర్లు సాగనిస్తుంది. మొత్తం 70 సెంటీమీటర్లలో మనిషి ఆగుతాడు. 70 కిలోల మనిషి మీద సగటున ఒక టన్ను బరువంత బలం. ఛాతీ ఎముకా తుంటి ఎముకా దాన్ని పంచుకుంటాయి, ఓర్చుకుంటాయి.

బెల్టు లేదనుకోండి. కారు ఆగుతుంది, మీరు ఆగరు. మీరు ముందు సీటుని తాకేసరికి ఆ సీటు దాదాపు ఆగిపోయి ఉంటుంది, మీది మాత్రం అదే 14 మీటర్ల వేగం. ఆగడానికి దొరికేది 15 సెంటీమీటర్లు. బలం నాలుగున్నర టన్నులు దాటుతుంది.

ఇక "దెబ్బ ఆయనకే" అన్నారే, ఆ నాలుగున్నర టన్నులూ పడేది ముందు కూర్చున్నవాడి వీపు మీద. అతను బెల్టు పెట్టుకునే ఉంటాడు పాపం. జపాన్ ప్రమాదాల రికార్డుల మీద 2002లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. వెనకవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే, బెల్టు పెట్టుకున్న ముందువాళ్లు చనిపోయే ప్రమాదం దాదాపు 5 రెట్లని తేల్చారు.

చూసిపోయేవాడు:
మన ఒళ్లు మన ఇష్టమే, ముందువాడి వీపు కాదు. 👍

నల్లకోటు:
బ్రిటన్ ఎనిమిదేళ్లు ఆగింది వెనక బెల్టులు ఉన్న కార్లు తక్కువ కాబట్టి. కొత్త కార్లకి వెనక బెల్టు బిగించి తీరాలన్న నియమం 1987లో వచ్చింది. తరవాత 1989లో పిల్లలకి, 1991లో పెద్దవాళ్లకి. లేని బెల్టు పెట్టుకోమని చట్టం చెయ్యలేరు కదా.

సొంతబుద్ధి:
సరే, ఎదురుగా గుద్దినప్పుడు మీ లెక్క నిజమే అనుకుందాం. అన్ని ప్రమాదాలూ ఎదురుగానే జరుగుతాయా? పైగా రక్షణ పెంచినకొద్దీ నడిపేవాడికి తెగువ పెరుగుతుందని శామ్ పెల్ట్‌స్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1975లోనే రాశాడు.

ఇక నా అసలు ప్రశ్న. చాలా కార్లలో వెనక మధ్య సీటుకి నడుం బెల్టు మాత్రమే ఉంటుంది. దాంతో పేగులు తెగుతాయని డాక్టర్లే అంటారు. చట్టం దాన్ని కూడా పెట్టుకోమంటుంది. ఇది రక్షణా, శిక్షా?

నట్టుబోల్టు:
పెల్ట్‌స్‌మన్ చెప్పింది నడిపేవాడి గురించి. వెనక కూర్చున్నవాడి చేతిలో స్టీరింగ్ లేదు, బెల్టు పెట్టుకుని ఆయన ఏం తెగిస్తాడు?

పక్కనుంచి గుద్దితే బెల్టు లేని మనిషి పక్కవాడి మీదకి వెళ్తాడు. ఇద్దరి తలలూ ఢీకొంటాయి. కారు పల్టీ కొడితే బయటికి విసిరేస్తుంది, ఆ తరవాత చెప్పుకోడానికి ఏమీ ఉండదు.

నడుం బెల్టు విషయంలో మీరన్నది నిజం. ఒళ్లు నడుం దగ్గర రెండుగా మడుస్తుంది, పొట్ట నలుగుతుంది, నడుం వెన్నుపూస అడ్డంగా చీలొచ్చు. అందుకే అమెరికాలో వెనక మధ్య సీటుకి కూడా నడుంతో పాటు భుజం మీదుగా పట్టే మూడు బిందువుల బెల్టు పెట్టాలన్న నియమం 2007 నాటికి పూర్తిగా అమల్లోకి వచ్చింది. పాత కారైతే మధ్యలో ఎవరూ కూర్చోకపోవడం మేలు. తప్పదంటే పట్టీ పొట్ట మీద కాకుండా తొడల మొదట్లో, తుంటి ఎముకల మీద బిగుతుగా ఉండాలి, వీపు సీటుకి ఆనాలి. ముందుకి జారి కూర్చుంటే మూడు బిందువుల బెల్టైనా ఇదే గతి, కింద నుంచి జారిపోతారు.

సొంతబుద్ధి:
అంటే మధ్య సీటు బెల్టు ప్రమాదమని మీరే ఒప్పుకున్నారు.

నట్టుబోల్టు:
ఒప్పుకున్నది నడుం బెల్టు గురించి. మూడు సీట్లలో ఒక సీటు పట్టుకుని మిగతా రెండింటికీ చట్టం వద్దంటారేమిటి? ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

మైలురాయి:
మీరిద్దరూ పుస్తకం ముందు పెట్టుకుని కొట్టుకుంటున్నారు. కారు తలుపు తీసి చూస్తే వెనక బెల్టు ఎందుకు పెట్టుకోరో తెలుస్తుంది. ముక్కాలు వంతు గొడవ బెల్టు అందకే.

ఒకటి, సామాను కోసం వెనక సీటు మడిచి మళ్లీ లేపినప్పుడు బకిల్ కుషను కిందకి పోతుంది. కుషనుకీ సీటు వీపుకీ మధ్య చెయ్యి పెట్టి పైకి లాగాలి. మందపాటి సీటు కవరు వేస్తే అది శాశ్వతంగా సమాధే, బకిల్ కోసం కవరుకి కోత పెట్టించాలి. కొందరు దాన్నీ కుట్టేస్తారు!

రెండు, ఏటవాలు మీద ఆపిన కారులో బెల్టు బయటికి రాదు. పాడైందని వదిలేస్తారు. అది పాడవలేదు. పట్టీ చుట్టుకునే చుట్టలో వంపుని గుర్తించే చిన్న గుండు ఉంటుంది. 12 డిగ్రీల లోపు వంపుకి పట్టెయ్యకూడదు, 27 డిగ్రీలు దాటితే పట్టెయ్యాలి. మధ్యలో ఎక్కడైనా పట్టెయ్యొచ్చు. పట్టీని పూర్తిగా లోపలికి వదిలి, మెల్లగా ఒకే వేగంతో లాగాలి. అప్పటికీ రాకపోతే కారు చదునుగా ఉన్నచోట ఆపాలి.

మూడు, కొన్ని బెల్టుల్ని చివరిదాకా లాగితే టిక్ టిక్ మంటూ లోపలికే బిగుస్తాయి, బయటికి రావు. పిల్లల సీటు బిగించడానికి పెట్టిన ఏర్పాటది. పెద్దవాళ్లు తెలీక చివరిదాకా లాగి, గొంతు పట్టేస్తోందని తీసిపారేస్తారు. మొత్తం లోపలికి వదిలేస్తే మామూలైపోతుంది.

నాలుగు, పట్టీకి మురికి పట్టి లోపలికి పోదు. పూర్తిగా బయటికి లాగి క్లిప్పు పెట్టి, గోరువెచ్చని నీళ్లూ తేలిక సబ్బుతో తుడిచి, ఆరాక వదలాలి. బ్లీచు వాడితే నేత పోతుంది. బకిల్లో నూనె పొయ్యకండి, దుమ్ము అంటుకుని ఇంకా పట్టేస్తుంది. చివరగా గట్టిగా ఒక్క గుంజు గుంజి చూడండి, టక్కున ఆగాలి.

చూసిపోయేవాడు:
మూడోది ఇన్నాళ్లూ తెలీదు, సేవ్ చేసుకున్నా.

సొంతబుద్ధి:
చూశారా! వస్తువే సరిగా ఇవ్వరు, చట్టం మాత్రం మన నెత్తిన. ముందు సీట్లకి గుద్దగానే బెల్టుని బిగించే ప్రిటెన్షనరూ, ఛాతీ మీద బలం మితిమీరకుండా పట్టీని కాస్త వదిలే లోడ్ లిమిటరూ ఉంటాయి. వెనక చాలా కార్లలో రెండూ ఉండవు. అమెరికా బీమా సంస్థల పరీక్షా కేంద్రం ఐఐహెచ్ఎస్ ఎదురు ఢీ పరీక్షలో వెనక సీట్లో బొమ్మని కూర్చోబెట్టడం 2022లో మొదలుపెట్టింది! బాధ్యత తయారీదారుది, తప్పు కూర్చున్నవాడిది.

నట్టుబోల్టు:
తయారీదారుని కూడా తిట్టండి, నేనూ కలుస్తాను. ప్రిటెన్షనరు లేని బెల్టు, ఉన్నదానికంటే తక్కువ. ఏ బెల్టూ లేకపోవడం కంటే ఎంతో ఎక్కువ. ఈ చిన్న తేడా ఇన్ని పోస్టులయ్యాక కూడా మీకు ఎక్కలేదంటే, మీకు అర్థం చేసుకోవాలని లేదు.

సొంతబుద్ధి:
నాకు ఎక్కలేదా? టన్నులూ సెంటీమీటర్లూ చెప్పి జనం నోరు నొక్కడమే మీకు ఎక్కింది.

మైలురాయి:
ఆపండిక. సొంతబుద్ధి గారూ, మీకు చట్టంతో ఏం నష్టం? జరిమానా మీరు కడుతున్నారా? కట్టేది నడిపేవాడు. వెనక కూర్చున్న ఆయన "దగ్గరేగా, పోనీ" అంటాడు. కాదంటే బండి దిగి రేటింగ్ తగ్గిస్తాడు. అవునంటే చలాను. ఎదిగిన మనిషిని ఒళ్లో కూర్చోబెట్టుకుని బకిల్ పెట్టమంటారా? బెల్టు మంచిదని నాకు ఇన్ని టన్నుల లెక్క అక్కర్లేదు. తప్పొకడిది, దండన ఇంకొకడికి. అదీ నా కడుపుమంట.

నల్లకోటు:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. బ్రిటన్‌లో 14 ఏళ్లు నిండిన ప్రయాణికుడు తన బెల్టుకి తనే బాధ్యుడు, ఆ లోపు వయసువాళ్లకి డ్రైవరు. భారత మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షను వేరు. బెల్టు లేకుండా నడిపినా, బెల్టు లేని ప్రయాణికుణ్ణి ఎక్కించుకున్నా జరిమానా నడిపేవాడికే. రెండుచోట్లా "వెనక బెల్టు తప్పనిసరి" అనే అంటాం. ఎవరి జేబులోంచి అన్నది పూర్తిగా వేరు.

సొంతబుద్ధి:
కూర్చున్నవాడికే వెయ్యండి, నేను ఈ చర్చలోంచి లేచిపోతాను. నా ఇష్టానికి నేనే డబ్బు కడతాను, ఇంకొకడు ఎందుకు కట్టాలి?

నట్టుబోల్టు:
నేను ఒప్పుకోను. కదలాలా వద్దా అన్నది ఒక్క డ్రైవరు చేతిలోనే ఉంది. కొత్త కార్లలో వెనక ఏ బెల్టు పెట్టారో డాష్‌బోర్డు మీదే కనిపిస్తుంది. ఐరోపాలో 2021 నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. డ్రైవరుకి బాధ్యత లేకపోతే అద్దంలో చూసి అడిగేవాడు కూడా ఉండడు.

మైలురాయి:
ఆ దీపానికి తెలిసేది బకిల్లో నాలుక పడిందని మాత్రమే. పట్టీ వీపు వెనక నుంచి తీసి క్లిప్పు పెట్టి కూర్చునేవాళ్లు ఉన్నారు. దీపం ఆరిపోతుంది, నేను నమ్మి బయల్దేరతాను. అప్పుడు చలాను ఎవరికి?

నట్టుబోల్టు:
ఆ కేసులో మాత్రం కూర్చున్నవాడికే.

మైలురాయి:
ఆ ముక్క సెక్షన్లో రాయించండి, ఆ తరవాత అద్దంలో చూసి అడగమనండి.

సొంతబుద్ధి:
మధ్య సీటు సంగతి ఇంకా తేలలేదు.