తక్కువ బడ్జెట్‌లో తొలి ఎలక్ట్రిక్ ఆర్‌సీ కారు: ఏది కొనాలి?

ప్రశ్న:

నమస్కారం. నాకూ, పదేళ్లు దాటిన మా అబ్బాయికీ కలిపి ఒక ఎలక్ట్రిక్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) కారు కొనాలనుకుంటున్నాను. బొమ్మల దుకాణాల్లో దొరికే రిమోట్ కార్లు ఇంతకుముందు కొన్నాం గానీ, అవి త్వరగానే మూలన పడ్డాయి, బాగు చేయించుకునే దారి కూడా కనిపించలేదు. ఈసారి కాస్త ఎక్కువ పెట్టయినా నాలుగు కాలాల పాటు నిలిచేది తీసుకోవాలని ఉంది. అయితే బడ్జెట్ పరిమితం. మధ్యరకం కారుకు సరిపోతుందేమో, అంతే. మేము నడిపేది ఎక్కువగా గట్టి మట్టినేల మీద, మధ్యమధ్య కంకర, పొట్టి గడ్డి ఉంటాయి. వెతికితే గంటకు 60 కిలోమీటర్ల వేగం, 70 కిలోమీటర్ల వేగం అనే ప్రకటనలే కనిపిస్తున్నాయి. బ్రష్డ్ మోటారు తీసుకోవాలా, బ్రష్‌లెస్ మోటారా, టూ వీల్ డ్రైవా, ఫోర్ వీల్ డ్రైవా, 1/10 సైజా, 1/18 సైజా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు:

నమస్కారమండీ. మీరు అడిగిన వాటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: కారులో ఏదైనా విరిగిన రోజున ఆ ముక్క మీకు విడిగా దొరుకుతుందా, లేదా అన్నది. ఎంత మంచి కారైనా గోడకు గుద్దుకుంటుంది, రాయెక్కి పల్టీ కొడుతుంది, ఏదో ఒకటి విరుగుతుంది. అందుకని ముందు కారు ఎంచుకుని తర్వాత విడిభాగాల కోసం వెతుక్కునే బదులు, విడిభాగాలు సులువుగా దొరికే మోడళ్ల జాబితా ముందు రాసుకుని, అందులోంచే ఒకదాన్ని ఎంచుకోండి. మోడల్ నంబరుతో పాటు ముందు సస్పెన్షన్ ఆర్మ్ (చక్రాన్ని కారుకు కలిపే చేయి), స్టీరింగ్ సర్వో (ముందు చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారు), స్పర్ గేర్ (మోటారు తిప్పే పెద్ద పళ్ల చక్రం), డిఫరెన్షియల్ (మలుపులో రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె), డాగ్‌బోన్ (చక్రానికి శక్తిని అందించే కడ్డీ) అనే పేర్లు చేర్చి వెతకండి. ఇద్దరు ముగ్గురు అమ్మకందారుల దగ్గర ఇవన్నీ కనిపిస్తే ఆ మోడల్‌ను జాబితాలో ఉంచండి. కనిపించకపోతే, చూడడానికి ఎంత బాగున్నా, ఎంత తగ్గింపు ధరకు వస్తున్నా వదిలేయండి.

మీ పాత కార్లు బాగుపడకపోవడానికి కారణం కూడా ఇదే. బొమ్మ తరగతి కార్లలో సిగ్నల్ అందుకునే రిసీవరు, మోటారును నడిపే సర్క్యూటు, స్టీరింగు అన్నీ ఒకే చిన్న బోర్డు మీద అతికించి ఉంటాయి, విడిభాగాలంటూ ఏవీ అమ్మరు. రిమోట్ కూడా పూర్తిగా ఆన్ లేదా పూర్తిగా ఆఫ్ మాత్రమే పంపగలదు. చక్రం ఎడమ చివరకో కుడి చివరకో తిరుగుతుంది తప్ప నడుమ ఆగదు. హాబీ తరగతి (విప్పి బాగుచేసుకునేలా తయారైన) కారులో ట్రిగ్గరు ఎంత నొక్కితే అంత వేగం, స్టీరింగు ఎంత తిప్పితే అంత మలుపు. దీన్ని ప్రపోర్షనల్ కంట్రోల్ అంటారు. కారు వివరాల్లో ఈ మాట స్టీరింగుకూ థ్రాటిల్‌కూ రెండింటికీ చెప్పారో లేదో చూడండి, ఎందుకంటే కొన్నిటిలో ఒకదానికే ఉంటుంది.

ఈ రెండు తరగతుల నడుమ ఇంకో రకం ఉంది, తక్కువ బడ్జెట్‌లో కొనేవారికి ఎక్కువగా తగిలేది అదే. వీటిలో విడిభాగాలు దొరుకుతాయి, నియంత్రణ కూడా ప్రపోర్షనలే, కానీ రిసీవరు, మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ రెండూ ఒకే బోర్డు మీద ఉంటాయి. ఒకటి పోతే రెండూ మార్చవలసిందే. వాటిలో కొన్నిటికి స్టీరింగ్ సర్వో నుంచి ఐదు తీగలు వస్తాయి. అలాంటి సర్వోలో దాని సొంత నియంత్రణ సర్క్యూటు ఉండదు, ఆ పని కూడా ఆ బోర్డే చేస్తుంది కాబట్టి బయట దొరికే మామూలు సర్వో దానికి పనికిరాదు. మూడు తీగల సర్వో, విడి రిసీవరు, విడి ఈఎస్‌సీ ఉన్న కారులో మాత్రం ఏ భాగం పోయినా సైజూ శక్తీ సరిపోయే మరో కంపెనీ భాగాన్ని పెట్టుకోవచ్చు. కొనేముందు కారు పై కప్పు తీసిన ఫొటో అడగండి, లేదా వెతికి చూడండి. సర్వో నుంచి వచ్చే తీగలు లెక్కపెడితే చాలా సంగతులు తెలిసిపోతాయి.

ఇక మోటారు. మీ బడ్జెట్‌కు బ్రష్డ్ మోటారునే ఎంచుకోమంటాను. బ్రష్‌లెస్ మోటారు శక్తిని తక్కువగా వృథా చేస్తుంది, లోపల తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించి అరిగిపోయే బ్రష్‌లు ఉండవు, ఎక్కువ కాలం మన్నుతుంది. ఇందులో సందేహం లేదు. కానీ దానికి తగిన ఈఎస్‌సీ కావాలి, ఆ శక్తిని తట్టుకునే గేర్లూ డిఫరెన్షియళ్లూ డ్రైవ్ షాఫ్టులూ కావాలి. తక్కువ ధరకే బ్రష్‌లెస్ ఇస్తున్నారంటే మిగిలిన ఖర్చు ఎక్కడ తగ్గించారో చూడాలి. చాలాసార్లు అది బలహీనమైన సర్వోలోనో, ప్లాస్టిక్ గేర్లలోనో, చిన్న బ్యాటరీలోనో తేలుతుంది. 540 లేదా 550 సైజు బ్రష్డ్ మోటారు ఉన్న కారైతే, అరిగినప్పుడు మోటారు మార్చడం తక్కువ ఖర్చుతో తీరే పని.

వేగం గురించి కూడా చెప్పాలి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మీ స్థలం ఈ చివర నుంచి ఆ చివరకు 30 మీటర్లుంటే, ఆ వేగంతో కారు రెండు సెకన్లలోపే గోడ దగ్గర ఉంటుంది. గంటకు 30 కిలోమీటర్లయినా సెకనుకు 8 మీటర్లు దాటుతుంది, నేర్చుకునేవారికి అదే ఎక్కువ. కొన్ని రిమోట్‌లలో గరిష్ఠ వేగాన్ని తగ్గించి పెట్టుకునే మీట గానీ, సగం శక్తితోనే నడిపించే శిక్షణ అమరిక గానీ ఉంటుంది. పిల్లలు నడుపుతారంటున్నారు కాబట్టి ఈ సౌకర్యం ఉన్నదాన్ని గట్టిగా వెతకండి. వేగంగా వచ్చే ఒకటిన్నర కిలోల కారు కాలి చీలమండకు తగిలితే అది చిన్న దెబ్బ కాదు.

మట్టీ కంకరా అన్నారు కనుక ఫోర్ వీల్ డ్రైవ్ మీకు సులువు. టూ వీల్ డ్రైవ్ కారులో వెనుక చక్రాలే తోస్తాయి కాబట్టి వదులు నేల మీద ట్రిగ్గరు గట్టిగా నొక్కగానే తోక పక్కకు జారి కారు గిర్రున తిరిగిపోతుంది. అయితే టూ వీల్ డ్రైవ్‌లో ముందు డిఫరెన్షియలూ, మధ్య షాఫ్టూ ఉండవు, విరిగేవి తక్కువ, ధర కూడా తక్కువ. ఓపికగా నేర్చుకునేవారికి అది చెడ్డ ఎంపిక కాదు.

సైజు విషయానికొస్తే, 1/10 అంటే అసలు బండిలో పదో వంతు అని అర్థం. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట పెద్ద చక్రాలు సాఫీగా పోతాయి. 1/18 కార్ల చిన్న చక్రాలకు పొట్టి గడ్డి కూడా అడ్డమే. 1/10 కారుకు బ్యాటరీ పెద్దది కావాలి, ఖర్చు కూడా ఆ మేరకు పెరుగుతుంది. మీ నేలకూ మీ బడ్జెట్‌కూ మధ్యేమార్గంగా 1/12 లేదా 1/14 బగ్గీ గానీ, ట్రక్కు గానీ చూడండి. ఉదాహరణకు డబ్ల్యూఎల్ టాయ్స్ 144001 అనేది 550 బ్రష్డ్ మోటారుతో వచ్చే 1/14 ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీ. దాని విడిభాగాలు విరివిగా దొరుకుతాయి. బడ్జెట్ ఇంకొంచెం సాగితే ట్రాక్సస్ స్లాష్ టూ వీల్ డ్రైవ్ వంటి 1/10 ట్రక్కు దశాబ్ద కాలం పైగా అమ్ముడవుతూ ఉంది, దానికి ప్రతి చిన్న ముక్కా దొరుకుతుంది. ఇవి ఉదాహరణలు మాత్రమే. పైన చెప్పిన విడిభాగాల పరీక్షలో నెగ్గిన మోడల్ ఏదైనా మీకు సరిపోతుంది.

చివరిగా డబ్బు సంగతి. చేతిలో ఉన్నదంతా కారు మీదే పెట్టేయకండి. మూడింట రెండు వంతులు కారుకు ఉంచి, మిగిలిన వంతు రెండో బ్యాటరీకీ, మంచి చార్జరుకూ, ఒక జత ముందు సస్పెన్షన్ ఆర్మ్‌లకూ పక్కన పెట్టండి. 1500 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత) బ్యాటరీ నుంచి కారు సగటున 8 ఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం 11 నిమిషాలే నడుస్తుంది. పెట్టెలో వచ్చే యూఎస్‌బీ చార్జరుతో దాన్ని మళ్లీ నింపడానికి రెండు మూడు గంటలు పడుతుంది. పిల్లవాడికి ఆసక్తి సన్నగిల్లేది ఈ ఎదురుచూపులోనే.

రెండో జవాబు:

పైవారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క విషయంలోనే నా అభిప్రాయం వేరు. మీ అబ్బాయికి వేగం కన్నా అడ్డంకులు దాటించడం మీద ఇష్టం ఉంటే క్రాలర్ రకాన్ని కూడా ఆలోచించండి. క్రాలర్ మనిషి నడిచే వేగంతోనో, కాస్త ఎక్కువగానో మెల్లగా రాళ్లెక్కుతుంది. మెల్లగా పోతుంది కాబట్టి విరిగేవి తక్కువ, ఒక్క చార్జింగుతో ఎక్కువసేపు నడుస్తుంది, వాన రోజున ఇంట్లో పుస్తకాలు పేర్చి కూడా నడుపుకోవచ్చు. యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 వంటి 1/24 క్రాలర్లు అరచేతి కన్నా కొంచెం పెద్దగా ఉంటాయి. మైదానంలో పరుగెత్తించాలనుకుంటే మాత్రం ఇది నిరాశపరుస్తుంది, కాబట్టి ముందు అబ్బాయిని అడిగి తెలుసుకోండి.

తండ్రీకొడుకులు కలిసి బిగించుకునే ఓపిక ఉంటే కిట్ కూడా ఒక మార్గం. టమియా కంపెనీ 1984లో తెచ్చి, 2005లో తిరిగి విడుదల చేసిన గ్రాస్‌హాపర్ అనే బగ్గీ నిర్మాణం చాలా సరళంగా ఉంటుంది. ప్రతి మరా మీ చేతులతోనే బిగిస్తారు కాబట్టి తర్వాత ఏది పాడైనా ఎలా విప్పాలో మీకే తెలుస్తుంది. కానీ ఇలాంటి కిట్‌లలో రిమోట్, సర్వో, బ్యాటరీ, చార్జర్ మామూలుగా ఉండవు. అవన్నీ కలుపుకుని లెక్క వేసుకున్నాకే ధర పోల్చండి.

వాడిన కారు కొనే అవకాశం వస్తే చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపి చూడండి, మోటారు ఆపి ఉన్నప్పుడు చక్రాలను చేత్తో తిప్పి గరగరమనే చప్పుడు వస్తుందేమో వినండి. బ్యాటరీ కొంచెం ఉబ్బినట్టు కనిపించినా ఆ బ్యాటరీని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. అబ్బాయిని అడిగాను, పరుగెత్తే కారే కావాలన్నాడు. 1/14 ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీ వైపు మొగ్గుతున్నాను, విడిభాగాలు వెతికితే దొరుకుతున్నాయి. రెండో బ్యాటరీ గురించే భయంగా ఉంది. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు అంటుకుంటాయని విన్నాను. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ పెట్టుకోవడం మేలా? లిపోనే వాడాలంటే ఏయే జాగ్రత్తలు పాటించాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:

మీ భయం సహేతుకమైనదే, అయితే జాగ్రత్తలు పాటించేవారికి లిపో వాడకూడనిది కాదు. నికెల్ మెటల్ హైడ్రైడ్ మొరటు వాడకాన్ని ఎక్కువగా సహిస్తుంది. ఆరు సెల్స్ కలిపి 7.2 వోల్టుల ప్యాక్‌గా వస్తుంది, కానీ బరువెక్కువ, పైగా చిన్న బగ్గీల్లో దానికి చోటు సరిపోకపోవచ్చు. మీ కారు లిపోతో వస్తున్నట్లయితే రెండోది కూడా లిపోనే తీసుకోండి. రెండు సెల్స్ ఉన్న ప్యాక్‌ను 2 ఎస్ అంటారు. దాని నామమాత్రపు వోల్టేజీ 7.4, నిండుగా ఉన్నప్పుడు 8.4. మీ కారు 2 ఎస్‌కు తయారైనదైతే వేగం కోసం 3 ఎస్ పెట్టవద్దు, ముందు ఈఎస్‌సీ గానీ మోటారు గానీ కాలిపోతుంది.

కొనేటప్పుడు మూడు కొలతలు సరిచూసుకోవాలి: బ్యాటరీ పెట్టే గూడు పొడవు వెడల్పు ఎత్తులు, కనెక్టరు రకం, వోల్టేజీ. కనెక్టర్లలో టీ ప్లగ్, ఎక్స్‌టీ60, టమియా ప్లగ్ అని వేర్వేరు రకాలున్నాయి, ఒకటి ఇంకొకదానిలో పట్టదు. ఎంఏహెచ్ ఎక్కువైతే నడిచే సమయం పెరుగుతుంది, అందుకు ఇబ్బంది లేదు, గూట్లో పడితే చాలు.

చార్జింగు విషయంలో కొన్ని నియమాలు తప్పకుండా పాటించండి. బ్యాలెన్స్ చార్జర్‌నే వాడండి, ఎందుకంటే అది ఒక్కో సెల్ వోల్టేజీని విడిగా చూసుకుంటూ రెండింటినీ సమానంగా నింపుతుంది. 1500 ఎంఏహెచ్ బ్యాటరీకి 1.5 ఆంపియర్లు పెడితే గంటకు కొంచెం అటూ ఇటుగా నిండుతుంది, అంతకన్నా ఎక్కువ పెట్టవలసిన పని లేదు. పరుపు మీదో, పుస్తకాల పక్కనో కాకుండా బండ మీదో సిమెంటు నేల మీదో పెట్టి, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే చార్జ్ చేయండి. రాత్రి పెట్టి నిద్రపోవద్దు, అబ్బాయికి ఒంటరిగా అప్పగించవద్దు. నడిపి వచ్చిన వెంటనే వేడిగా ఉన్న బ్యాటరీని చార్జింగుకు పెట్టకండి, చల్లారనివ్వండి. ఏ సెల్ కూడా 3 వోల్టులకు దిగకూడదు, దిగితే అది పాడవుతుంది. కారులోని ఈఎస్‌సీకి తక్కువ వోల్టేజీ దగ్గర ఆపే ఏర్పాటు ఉందో లేదో, దాన్ని లిపోకు మార్చుకోవలసిన అమరిక ఏదైనా ఉందో లేదో చూసుకోండి. అయినా కారు మందగించిందని అనిపించగానే ఆపేయడం మంచి అలవాటు. వారం పది రోజులు వాడకపోతే ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచాలి, చార్జర్‌లో స్టోరేజ్ అనే అమరిక ఆ పని తనే చేస్తుంది. ఉబ్బినా, పైపొర చిరిగినా దాని వాడకం అక్కడితో ఆపేయండి.

కారు చేతికొచ్చాక నడిపేముందు ఒకసారి మరలన్నీ బిగించి చూడండి. మోటారు చివరనుండే చిన్న పినియన్ గేరుకూ, పక్కనే ఉన్న పెద్ద స్పర్ గేరుకూ మధ్య ఒక సన్నటి కాగితం ముక్క పెట్టి తిప్పండి. కాగితం చిరగకుండా, పళ్ల గుర్తులు మాత్రమే పడి బయటకు వస్తే వాటి దూరం సరిగ్గా ఉన్నట్టు. కాగితం చిరిగితే మరీ బిగుతుగా ఉంది, మోటారు వేడెక్కుతుంది. గుర్తులే పడకపోతే వదులుగా ఉంది, పళ్లు అరిగిపోతాయి. మోటారును పట్టి ఉంచే మరలను వదులు చేసి సర్దుకోవచ్చు. నడిపేటప్పుడు ఎప్పుడూ ముందు రిమోట్ ఆన్ చేసి తర్వాత కారు, ఆపేటప్పుడు ముందు కారు ఆపి తర్వాత రిమోట్. ఒక బ్యాటరీ అయిపోయాక మోటారును వేలితో తాకి చూడండి. రెండు మూడు క్షణాలు కూడా వేలు ఉంచలేనంత వేడిగా ఉంటే, రెండో బ్యాటరీ పెట్టేముందు కనీసం పావుగంట ఆగండి. ప్రతిసారీ అలాగే వేడెక్కుతుంటే గడ్డిలో నడపడం తగ్గించి, పినియన్‌ను ఒకటి రెండు పళ్లు తక్కువున్న దానితో మార్చి, గేర్ల మధ్య దూరం మళ్లీ కాగితంతో సరిచూడండి.