బరువు మారలేదు, నడుము పెరిగింది: తిండి తగ్గిస్తే చాలా?

ప్రశ్న:
నా వయసు 67. ఎత్తు 155 సెంటీమీటర్లు. పదేళ్లుగా బరువు 58 కిలోల దగ్గరే ఉన్నా, నడుము చుట్టుకొలత మాత్రం 79 నుంచి 88 సెంటీమీటర్లకు పెరిగింది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వస్తోంది. రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉందనీ, ఐదు కిలోలు తగ్గితే గుండెకు మంచిదనీ డాక్టరు గారు చెప్పారు. తిండి తగ్గిస్తే సరిపోతుందా?

జవాబు 1:
నేను వృద్ధులకు ఫిజియోథెరపీ చేస్తాను. అమ్మా, మీ బరువు నిలకడగా ఉన్నట్టు కనిపిస్తున్నా, కండ కరిగిన మేరకు కొవ్వు చేరి ఉండవచ్చని మీరు చెప్పిన లక్షణాలను బట్టి అనిపిస్తోంది. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను తగ్గడంతో, అంతవరకు తుంటికీ తొడలకూ పట్టే కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరి ట్రైగ్లిజరైడ్లనే రక్తంలోని కొవ్వును పెంచుతాయి, ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. భోజనం తరవాత రక్తంలోని చక్కెరను ఎక్కువగా తీసుకునేది కండరాలే కనుక, అవి తగ్గితే ఆ ఇబ్బంది మరింత పెరుగుతుంది. నడుము కొలత ఎత్తులో సగానికి మించకుండా ఉంటే మేలు. మీ ఎత్తుకు అది 77.5. కండరాల సత్తా తెలియాలంటే, చేతులు ఛాతీకి అడ్డంగా పెట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి, పక్కన ఎవరినైనా ఉంచుకోండి. ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకుమించి పడితే కండరాల సామర్థ్యం తగ్గినట్టే.

జవాబు 2:
నేను తిండి ఒక్కటే తగ్గించి నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. ఆ తరవాత వారం రోజులు జ్వరంతో పడుకుని లేస్తే, సీసా మూత తిప్పే పట్టు కూడా చేతిలో మిగల్లేదు. పోయిన బరువు ఏడాదిలో తిరిగి వచ్చింది, కండ మాత్రం రాలేదు. కనుక తగ్గదలచుకుంటే మెల్లగా తగ్గండి, వ్యాయామం, తగినంత ప్రొటీన్ తోడుగా ఉండాలి.

జవాబు 3:
పై ఇద్దరి మాటతో ఏకీభవిస్తూనే, కొవ్వంతా శత్రువు కాదని గుర్తు చేస్తాను. 2019లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) మామూలుగానే ఉన్న, ముట్లుడిగిన స్త్రీలలో, మొండెం చుట్టూ కొవ్వు ఎక్కువున్నవారికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు ఎక్కువగానూ, కాళ్లలో కొవ్వు ఎక్కువున్నవారికి తక్కువగానూ కనిపించింది. అది పరిశీలన మాత్రమే, కారణాన్ని రుజువు చేయదు. పైగా కొవ్వు ఎక్కడి నుంచి కరగాలో మనం నిర్ణయించలేం. మీ బీఎంఐ కూడా 24 దగ్గరే ఉంది కాబట్టి, డాక్టరు గారితో కిలోల గురించే కాక నడుము గురించీ మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే ప్రయత్నించాను. మూడోసారికే చేతులు వాటంతటవే కుర్చీ మీదికి వెళ్లాయి, ఐదూ పూర్తి కాలేదు. ఇలాంటి స్థితిలో వ్యాయామం మొదలుపెట్టేది ఎలా?

జవాబు 1:
అదే కుర్చీతో మొదలుపెట్టండి. గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకుంటే చేతుల సాయం లేకుండా లేవగలుగుతారు. ఎనిమిదిసార్లు సులువుగా వచ్చాక పలచని దిండుకు మారండి. వారానికి రెండు మూడు రోజులు చాలు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఛాతీలో నొప్పి గానీ, తల తిరగడం గానీ ఉంటే వెంటనే ఆపేయండి. మొదలుపెట్టే ముందు డాక్టరు గారికి ఒక మాట చెప్పండి.